బిడ్డ బరువు పెరగకపోతే తల్లినే ఎందుకు నిలదీస్తారు?

పత్తిచేను కోడలు
మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. మా పాపకి ఏడాదిన్నర దాటింది. అంగన్‌వాడీలో ఎప్పుడు బరువు తూచినా చార్టులో చుక్క పసుపు రంగులోనే పడుతోంది, బరువు సరిపోయిందని చూపే ఆకుపచ్చలోకి రావడం లేదు. మొన్న చూడటానికి వచ్చిన పెద్ద మేడమ్ నలుగురు తల్లుల ముందు "పిల్లకి అసలు పెడుతున్నావా లేదా, ఇచ్చిన బాలామృతం అంతా ఎటు పోతోంది" అని అడిగింది. బాలామృతం అంటే చిన్నపిల్లలకని అంగన్‌వాడీలో ఇచ్చే పిండి. అక్కడ ఏం మాట్లాడాలో తోచక ఊరుకున్నాను, ఇక్కడ చెబుతాను.

పత్తి ఏరే రోజుల్లో పొద్దున్నే ఆటో ఎక్కితే మళ్ళీ ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుంది. పాప మా అత్తమ్మ దగ్గర ఉంటుంది. అత్తమ్మకి పాపంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ పాప ఏడిస్తే చాయ్‌లో బిస్కెట్ ముంచి పెడుతుంది, అప్పటికీ ఊరుకోకపోతే ఐదు రూపాయల ప్యాకెట్ కొనిస్తుంది, మధ్యాహ్నం చారు కలిపి నాలుగు ముద్దలు పెడుతుంది, అంతే. బాలామృతం ప్యాకెట్ రెండున్నర కిలోలు వస్తుంది, నెలంతా పాప ఒక్కదానికి. అది రాగానే అత్తమ్మ లడ్డూలు చుడుతుంది. మా బావగారి పిల్లలు, ఆడపడుచు పిల్లలు అంతా ఒకే వాకిట్లో ఆడుకుంటారు, వాళ్ళు చూస్తుంటే మా పాప ఒక్కదాని చేతిలో లడ్డూ పెట్టడం ఎవరికైనా మనసొప్పుతుందా? పది రోజులకల్లా ప్యాకెట్ ఖాళీ. గుడ్లు కూడా ముందు మగపిల్లలకే వెళ్తాయి. ఇంట్లో వండేది నేను కాదు, పంచేది నేను కాదు, సంతలో ఏం కొనాలో చెప్పేది నేను కాదు, అడిగితే మాత్రం నన్నే అడుగుతారు. ఇదేం న్యాయం?

సూటిమాట
కష్టం అర్థమైంది చెల్లీ, కానీ నీ వాదన నేను ఒప్పుకోను. తల్లినే అడుగుతారు, ఎందుకంటే బిడ్డ గురించి అందరికంటే ఎక్కువ పట్టేది తల్లికే. మా అమ్మ కూడా నాట్లకీ కలుపులకీ వెళ్ళే నలుగురిని పెంచింది. అత్త తప్పు, ఊరి తప్పు, ప్రభుత్వం తప్పు అంటూ కూర్చుంటే ఈలోగా బిడ్డ వయసు ఆగదు కదా, మొదటి రెండేళ్ళలో తగ్గిన ఎదుగుదలని తర్వాత అందుకోవడం చాలా కష్టమని డాక్టర్లే చెబుతున్నారు. పొద్దున వెళ్ళేముందు గుడ్డు, రాత్రి వచ్చాక పప్పన్నంలో ఇంత నెయ్యి, ఈ రెండు పూటలూ నీ చేతిలోనే ఉన్నాయి. బాలామృతం ఒక డబ్బాలో పోసి తాళం వెయ్యి.

ఊరిబడి టీచరమ్మ
తాళం వెయ్యమని చెప్పడం తేలిక సార్. ఉమ్మడి ఇంట్లో కోడలు తిండి వస్తువుకి తాళం వేస్తే ఆ సాయంత్రానికి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చూశాను.

నేను అంగన్‌వాడీ టీచర్ని, చాలా ఏళ్ళుగా ఇదే పని. తల్లినే ఎందుకు అడుగుతాం అంటే కేంద్రానికి వచ్చేది తల్లి కాబట్టి, అంతకుమించి ఇంకే కారణమూ లేదు. బరువు తూస్తాం, ఎత్తు కొలుస్తాం, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో ఎక్కిస్తాం, పసుపో ఎరుపో వస్తే పైనుంచి మమ్మల్ని అడుగుతారు, మేము ఎదురుగా ఉన్న తల్లిని అడుగుతాం. ఆ పిల్లకి ఇంట్లో ఎవరు తినిపిస్తున్నారో రాయడానికి అందులో చోటు కూడా లేదు.

ఇంటికి వెళ్ళి అన్నాల వేళ కూర్చుంటే తప్ప అసలు సంగతి తెలియదు. ఒక ఇంట్లో ఇలా కూర్చున్నాను. ముందు మగవాళ్ళు తిన్నారు, తర్వాత బడికెళ్ళే పిల్లలు, ఆ తర్వాత పెద్దావిడ. చివర్లో కోడలు గిన్నె అడుగున మిగిలిన పప్పు నీళ్ళు, మాడు అన్నం కంచంలో వేసుకుని చంటిదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. తనకో ముద్ద, పిల్లకో ముద్ద. పిల్ల ఎంత తిందో ఆ తల్లికీ తెలియదు, నాకూ తెలియదు, ఎందుకంటే పిల్లకంటూ విడిగా గిన్నె లేదు. నేను ఆ రోజు చెప్పింది ఒక్కటే, పిల్లకి చిన్న గిన్నె పెట్టండి, అందరికంటే ముందు అందులో వెయ్యండి అని. కోడలు తలూపింది, పెద్దావిడ నావైపు చూడలేదు. చెప్పాల్సింది ఆమెకే అని నాకు అప్పుడు అర్థమైంది.

ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రలో 63 శాతం. నూటికి డెబ్బై మంది పిల్లలకి రక్తం తక్కువగా ఉంటే ఆ డెబ్బై మంది తల్లులకీ పిల్లల మీద శ్రద్ధ లేదనా మీరనేది?

సూటిమాట
శ్రద్ధ లేదని నేను అనలేదు టీచరమ్మా. బాధ్యత అందరిదీ అంటే చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది, నా భయం అదొక్కటే.

రాయచోటి నుంచి
మా వైపు సంగతి కూడా వినండి. మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో తల్లులు కువైట్‌లో ఇంటిపనికి పోయినారు. పిల్లలు అవ్వల దగ్గర. డబ్బుకి మరీ ఇబ్బంది లేదు, నెలనెలా వస్తుంది, పక్కా ఇల్లు, టీవీ, ఫోన్ అన్నీ ఉన్నాయి. కానీ తల్లి దగ్గర లేని పిల్లోడిని ఏడిపించలేక అవ్వ ఏం అడిగితే అది కొనిస్తుంది, ఫోన్ చేతికిస్తే తప్ప ముద్ద దిగదు, రాగిసంకటి ఎదురుగా ఉన్నా వాడికి ప్యాకెట్టే కావాలి. నా అక్క కొడుకు ఇట్లాగే పెరుగుతున్నాడు, చూస్తే లావుగా కనిపిస్తాడు, పరీక్ష చేయిస్తే రక్తం తక్కువని తేలింది. కాబట్టి పేదరికం ఒక్కటే కారణం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అట్లని తల్లిని అంటారా? ఆమె అక్కడ ఎవరి పిల్లలకో అన్నం తినిపిస్తూ ఇక్కడి అప్పు తీరుస్తోంది. ఊళ్ళోవాళ్ళు మాత్రం "తల్లి వదిలేసి పోయింది, పిల్లోడు ఇట్లయినాడు" అనే అంటారు. తండ్రి ఊళ్ళోనే ఉన్నాడు, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు.

నాయనమ్మ
ఇందాకటి నుంచి చదువుతున్నాను, అందరూ తిరిగి తిరిగి మా ముసలివాళ్ళ దగ్గరికే వచ్చారు. నాకు అరవై దాటాయి, మోకాళ్ళు పట్టేశాయి. నడక వచ్చిన పిల్ల వెనక గిన్నె పట్టుకుని రోజంతా తిరగాలంటే ఎంత కష్టమో ఒక్కరోజు ఉండి చూడండి. ఆ వయసు పిల్లలు మూడు ముద్దలు తిని పరిగెడతారు, మళ్ళీ పట్టుకుని, మళ్ళీ కూర్చోబెట్టి పెట్టాలి. మా వయసుకి అది అయ్యే పనేనా? చాయ్ పోయొద్దని మాకు ఎవరొచ్చి చెప్పారు? కేంద్రంలో మీటింగ్ పెడితే కోడళ్ళని పిలుస్తారు, మమ్మల్ని పిలవరు. పిల్లలని పగలంతా చూసేది మేము, నేర్పేది వాళ్ళకి. ఆ కోడలు ఇంటికొచ్చి "అత్తా, ఇలా పెట్టకూడదట" అంటే ఏ అత్త వింటుంది చెప్పండి. అదే మాట నర్సమ్మ నా పక్కన కూర్చుని నాకే చెబితే నేను వింటాను.

పిల్లల వార్డు నర్సు
నాయనమ్మ గారూ, నమస్కారం. ఈ చర్చలో అందరికంటే పనికొచ్చే మాట మీరే చెప్పారు, అందుకే మీకే చెబుతున్నాను.

చాయ్‌లో ఉండే టానిన్లు అనే పదార్థాలు తిండిలోని ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. పైగా చిన్న పొట్ట, చాయ్ తాగితే నిండిపోతుంది, ఆకలి చచ్చిపోతుంది. చారన్నంలో ఉండేది దాదాపు నీళ్ళే. అదే అన్నంలో ముద్దపప్పు వేసి మెత్తగా మెదిపి ఒక చెంచా నూనె గానీ నెయ్యి గానీ కలిపితే అవే నాలుగు ముద్దలకి బలం వస్తుంది. బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి, పాపకి రోజూ ఇంత అని లెక్కపెట్టి ఇస్తారు, అది నలుగురికి పంచితే ఎవరికీ చాలదు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక్కో ఎం.ఎల్. తప్పకుండా వెయ్యండి, మలం నల్లగా వస్తుందని భయపడి చాలా ఇళ్ళలో మానేస్తారు, అది మామూలే. ఏడాది నిండిన పిల్లలకి ఫిబ్రవరి 10నా ఆగస్టు 10నా నులిపురుగుల మాత్ర వేస్తారు, అది కూడా వదలొద్దు.

సూటిమాట గారికి మాత్రం నాది వేరే జవాబు. బిడ్డ బరువు సంగతి బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. మా వార్డుకి తక్కువ బరువు పిల్లలతో వచ్చే తల్లుల్లో చాలామంది చూడగానే పిల్లల్లాగే ఉంటారు. అదే సర్వేలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రలో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైన ఉన్నారు. ఎదిగే వయసులో కడుపు, కడుపుతో ఉన్నప్పుడు "ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది" అని సగం కంచం, కాన్పయ్యాక పథ్యం పేరుతో వారాల తరబడి కారప్పొడి అన్నం, పెరుగు వద్దు, కూరలు వద్దు, నీళ్ళు కూడా కొలిచి ఇవ్వడం. ఇందులో ఆ అమ్మాయి తీసుకున్న నిర్ణయం ఒక్కటి చూపించండి.

ఆటో నడిపే నాన్న
ఇంతసేపూ తండ్రి గురించి రాయచోటి అన్న ఒక్కడే ఒక్క మాట అన్నాడు. అత్త, కోడలు, అవ్వ, టీచర్, నర్సు, అందరూ ఆడవాళ్ళే ఒకరికొకరు సంజాయిషీ ఇచ్చుకుంటున్నారు. అదే సర్వే తెలంగాణలో మగవాళ్ళలో 43 శాతం మంది తాగుతారని చెప్పింది. ఒక క్వార్టర్ డబ్బుకి దాదాపు ఇరవై గుడ్లు వస్తాయి. ఇది ఎవరికీ తెలియని లెక్క కాదు, ఇంట్లో ఎవరూ నోరెత్తి అడగలేని లెక్క.

నేను మా బాబుని బరువు తూయించడానికి తీసుకెళ్తే అక్కడున్నవాళ్ళు వింతగా చూశారు, "వాళ్ళమ్మకి ఒంట్లో బాలేదా" అని అడిగారు. బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు రాయిస్తారు, రేషన్ కార్డులో తండ్రి పేరుంటుంది, బిడ్డ బరువు కాగితం దగ్గరికి వచ్చేసరికి తండ్రి ఎందుకు మాయమవుతాడు? పసుపు రంగు వచ్చిన ప్రతి బిడ్డ తండ్రినీ ఒకసారి కేంద్రానికి పిలిపించాలని నేనంటాను.

సూటిమాట
పిలిస్తే ఆ రోజు కూలి పోతుంది, ఆ కోపం ఇంటికెళ్ళి ఎవరి మీద చూపిస్తాడు? మళ్ళీ ఆ తల్లి మీదే. ఇది ఆలోచించారా?

ఊరిబడి టీచరమ్మ
ఆ మాట నిజం, నేను కాదనను. అందుకే కేంద్రానికి పిలిచేకంటే సాయంత్రం ఇంటికి వెళ్ళడమే మేలంటాను. కాకపోతే మా పని వేళలు, మా జీతాలు, సర్వేలనీ సమావేశాలనీ మా మీద వేసే అదనపు పనులు కూడా ఎవరైనా అడగాలి. చీకటి పడ్డాక ఇల్లిల్లూ తిరగమంటే ఎంతమంది తిరగగలరు?

పత్తిచేను కోడలు
అందరికీ దండాలు. సూటిమాట అన్నా, మీరు చెప్పినట్టు డబ్బాకి తాళం వెయ్యలేను. పొద్దునా రాత్రీ నా చేతిలో ఉన్నాయన్నారు, పొద్దున నేను వెళ్ళేసరికి పాప నిద్రలో ఉంటుంది, రాత్రికి సగం నిద్రలో తింటుంది, అయినా గుడ్డు మాత్రం ఎలాగైనా పెడతాను. రాత్రి నాయనమ్మ గారు రాసింది మా అత్తమ్మకి చదివి వినిపించాను. "మమ్మల్ని పిలవరు" అనే మాట దగ్గర ఆగి ఇంకోసారి చదవమంది. ఈ ఆదివారం మా ఊరి టీచర్‌ని ఇంటికి రమ్మని అడిగాను, ఆ రోజు మా ఆయన కూడా ఇంట్లోనే ఉంటాడు. నర్సమ్మా, పాప పచ్చసొన తింటుంది, తెల్లసొన ఉమ్మేస్తుంది, ఏం చెయ్యాలి?

పిల్లల వార్డు నర్సు
తెల్లసొనని సన్నగా చిదిమి పప్పన్నంలో కలిపెయ్యి తల్లీ, తెలియకుండా తినేస్తుంది. వద్దంటే బలవంతం చెయ్యకు, మర్నాడు మళ్ళీ పెట్టు. బరువు ఇంకా తగ్గినా, పాదాలు ఉబ్బినట్టు కనిపించినా, తిండి పూర్తిగా మానేసినా ఆదివారం దాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. బాగా బక్కచిక్కిన పిల్లల్ని ఉంచుకుని చూసే పోషకాహార పునరావాస కేంద్రం ఉన్నచోట చేర్చుకుంటే నీకు పోయే కూలికి కొంత డబ్బు కూడా ఇస్తారు, అడిగి తీసుకో. వెళ్ళేటప్పుడు మీ ఆయన్ని వెంట తీసుకెళ్ళు.