కలిసి పెరిగిన కుందేళ్లు ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి: తెలిసినవారు చెప్పగలరు

కౌశిక తీరం (అమలాపురం): మా ఇంట్లో నాలుగు కుందేళ్లున్నాయి. చిన్నప్పటి నుంచి ఒకే గూట్లో తిని, ఒకదాని మీద ఒకటి తల వాల్చి పడుకునేవి నిన్న సాయంత్రం నుంచి పగబట్టినట్లు కొట్టుకుంటున్నాయి. మిగిలిన మూడూ కలిసి నల్లదాన్ని తరిమి తరిమి కరుస్తున్నాయి. రాత్రంతా కోళ్ల గంపల కింద విడివిడిగా మూయడం, కాసేపాగి కలపడం, మళ్లీ విడదీయడంతోనే తెల్లవారింది. అడ్డు వెళ్లిన మా అబ్బాయి చేతికి పన్ను దిగింది. వీటిని శాంతింపజేసే మందేదైనా ఉంటే దయచేసి త్వరగా చెప్పండి.

లంకపొలం: మగవెన్ని, ఆడవెన్ని, వయసెంత? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

మొగల్తూరు మాస్టారు: అమ్మా, ముందు గూడు ఎక్కడ ఉందో చూసుకోండి. కుందేలుకు మనలాగా చెమట పట్టదు, ఒంటి వేడిని ప్రధానంగా చెవుల ద్వారానే వదులుతుంది. అందువల్ల 30 డిగ్రీలు దాటిన వేడికి మన డెల్టా ఉక్క తోడైతే దానికి ప్రాణాపాయమే. రేకుల కింద గూడు పెట్టినవారు జంతువుల స్వభావం గురించి ఫిర్యాదు చేయకూడదు. రెండవది మేత. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక అవి అరగడానికి రోజంతా గడ్డి నమలాలి, క్యాబేజీ ఆకులతో సరిపెట్టకూడదు. వరి గట్ల మీద గడ్డి కోసేవారు ఆ చేలో పురుగుమందు ఎప్పుడు కొట్టారో విచారించి మరీ కోయాలి.

కౌశిక తీరం: మాస్టారూ, మాది పెంకుటిల్లు, గూడు వసారాలో ఉంది, గడ్డికి లోటు లేదు. నాలుగూ ఆడవేనని అమ్మినతను చెప్పాడు. ఆరు నెలలు నిండాయి. ఒకే ఈతలో పుట్టి జట్టు కట్టిన కుందేళ్లు కనుకనే ఇంత ఆశ్చర్యపోతున్నాము.

అంతర్వేది గాలి: ఒకే ఈత పిల్లలన్నంత మాత్రాన జట్టు కట్టినట్లు కాదండీ. పసితనంలో ఏ పిల్లలైనా కలిసే ఉంటాయి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఈడుకు వచ్చాక ఎవరి మీద ఎవరిది పైచేయో తేల్చుకుంటాయి, ఆ తరువాత కూడా సర్దుకుని ఉంటేనే దాన్ని జట్టు అనాలి.

మొగల్తూరు మాస్టారు: ఈ నిర్వచనం నేను అంగీకరించను. మా ఇంట్లో ఒకే ఈత పిల్లలు ముసలితనం వరకు కలిసి బతికాయి.

అంతర్వేది గాలి: వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఉంటారు, అది కూడా చెప్పండి మాస్టారూ.

లంకపొలం: అమ్మినవాడి మాట వదిలేసి పొట్ట కింద చూడండి. ఈ వయసులో మగదానికి వృషణాలు కనిపిస్తాయి. ఒక్క మగది ఉన్నా మిగిలినవి ఈపాటికి చూడి కట్టి ఉండవచ్చు. సుమారు 31 రోజులకు ఈనుతాయి, ఈనిన రోజే మళ్లీ చూడి కట్టగలవు.

కౌశిక తీరం: చూశాము, అన్నీ ఆడవిగానే ఉన్నాయి. దీనికి సంబంధం ఉందో లేదో కానీ, నల్లదానికి చెవి గజ్జి పట్టడంతో నిన్న మధ్యాహ్నం పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లి సూది వేయించాము, వచ్చాక సబ్బుతో స్నానం కూడా చేయించాము.

లంకపొలం: అదే కారణం.

అంతర్వేది గాలి: ఈ మాట మొదటే రాసి ఉంటే ఇంత చర్చ ఉండేది కాదు. కుందేళ్లు తోటివాటిని ప్రధానంగా వాసనతోనే గుర్తిస్తాయి. కుక్కల వాసన, మందు వాసన, పైన సబ్బు వాసన పూసుకుని వచ్చిన నల్లది వాటి దృష్టిలో తమ గూట్లోకి చొరబడిన పరాయిది. పైగా ఈడుకు వచ్చిన ఆడవి గూటి కోసం మరీ పోట్లాడతాయి. ఇక ఈ పూటకు కలపడం ఆపండి, ప్రతి పోట్లాటా తరువాతి కలయికను కష్టం చేస్తుంది. మూడూ తమలో తాము బాగుంటే వాటిని విడదీయవద్దు. నల్లదాన్ని పక్కనే జాలీ అవతల ఉంచండి. ముక్కులు కరుచుకోకుండా రెండు జాలీల మధ్య జానెడు ఎడం వదలండి. పడక గడ్డిని, మలమూత్రాల ట్రేను రోజూ అటుదిటు మార్చండి. జాలీకి చెరోవైపు నిశ్చింతగా తింటున్నాయనిపించాక, ఏదీ తనదనుకోని కొత్త చోట, మేడ మీదో పక్క గదిలోనో, కొద్ది నిమిషాలు కలపండి. ఒకటి మరొకదానిపైకి ఎక్కడం, కాస్త బొచ్చు పీకడం మామూలే. చెవులు వెనక్కి వాల్చి, తోక నిక్కించి, ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెడితే మాత్రం వెంటనే మధ్యలో అట్ట పెట్టండి, ఉత్త చేతులు పెట్టవద్దు. చెవి గజ్జి అంటుకునే జబ్బు కనుక మిగిలిన మూడింటినీ కూడా చూపించాలి, అదీ నాలుగింటినీ ఒకేసారి తీసుకువెళ్లి, నల్లదాన్ని మాత్రం వేరే బుట్టలో.

మొగల్తూరు మాస్టారు: కుందేలుకు అసలు స్నానమేమిటి? ఆ భయానికే చచ్చేవి ఉన్నాయి. కుక్కల పేలకు వాడే ఫిప్రోనిల్ వంటిది పూశారేమో కూడా చెప్పండి, అది వీటికి విషం.

లంకపొలం: నల్లది మేత తింటోందా, పెంటికలు వేస్తోందా? పన్నెండు గంటలు తినకపోతే జట్టు సంగతి తరువాత, ముందు డాక్టరు.

అంతర్వేది గాలి: శాశ్వతంగా కావాలంటే ఆపరేషనే. ఆడవాటికి కడుపు కోసి చేసేది కనుక కుందేళ్లకు మత్తు ఇచ్చిన అనుభవం ఉన్న వైద్యులే చేయాలి. గన్నవరం పశువైద్య కళాశాలలో అడిగి చూడండి.

కౌశిక తీరం: ఫిప్రోనిల్ వాడలేదు మాస్టారూ. గడ్డి తింటోంది. జాలీ తెప్పించాము, ఆపరేషన్ గురించి మావారిని అడగాలి. అందరికీ ధన్యవాదాలు.

మొగల్తూరు మాస్టారు: గూటి అడుగున ఇనుప తీగ ఉందా, చెక్క ఉందా? తీగ అయితే అరికాళ్లు పుళ్లు పడతాయి.