విటమిన్ డి 11 నుంచి 78కి పెరిగింది, పొలుసులు మాత్రం తగ్గలేదు. ఎందుకు?

కుట్టుమిషన్ (రాజమండ్రి)

నాకు 41 ఏళ్లు. ఇంటి ముందుగదిలోనే జాకెట్లు కుడతాను. ఫాల్స్, పీకో కూడా చేస్తాను. సోరియాసిస్ వచ్చి పదకొండేళ్లయింది. మొదట తలలో చుండ్రు అనుకున్నాం. తరవాత మోచేతులు, మోకాళ్లు, నడుం మీద లంగా నాడా కట్టుకునే చోట. మోచేతులు రోజంతా బల్లకి ఒరుసుకుంటాయి కదా, అక్కడ ఎప్పుడూ మందంగానే ఉంటుంది. కత్తెర ఒత్తుకునే బొటనవేలి మొదట్లో కూడా ఒక మచ్చ.

కొలతలు తీసుకునేటప్పుడు కొత్తవాళ్లు నా చేతులు చూసి ఒక అడుగు వెనక్కి వేస్తారు. "అంటుకునేది కాదమ్మా" అని చెప్పడం అలవాటైపోయింది. నల్లగుడ్డ మీద పొట్టు రాలితే మాత్రం ప్రాణం చచ్చిపోతుంది. నల్ల జాకెట్టు వచ్చిన రోజు స్నానం చేసి, కొబ్బరినూనె పట్టించి, మా ఆయన పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని రాత్రిపూట కుడతాను.

అసలు సంగతి ఇది. పోయినేడాది శ్రావణమాసం ఆర్డర్లు అయ్యాక ఒళ్లు నొప్పులని పరీక్ష చేయిస్తే విటమిన్ డి 11.2 వచ్చింది. డాక్టరుగారు 60,000 యూనిట్ల పొడి సాచెట్లు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకు రాశారు. పాలల్లో కలుపుకుని తాగాను. ఆ రోజుల్లోనే ఒక వీడియో చూశాను. డి తక్కువైనందుకే సోరియాసిస్ వస్తుందట, పెంచుకుంటే పోతుందట. ఎనిమిది వారాలకి నొప్పులు కాస్త తగ్గాయి, పొలుసులు తగ్గలేదు. చాల్లేదేమోనని నేనే కొనుక్కుని మొత్తం ఏడు నెలలు వేసుకున్నాను. షాపులో చీటీ అడగనేలేదు. మొన్న మళ్లీ చేయిస్తే 78. సంతోషించాలో భయపడాలో తెలియడం లేదు, మోచేతులు చూస్తే ఎప్పటిలాగే ఉన్నాయి.

ఇంకొకటి. నా మిషన్ కిటికీ పక్కనే. పదకొండు నుంచి ఎండ నేరుగా చేతుల మీద పడుతుంది (దుమ్ముకి అద్దాలు మూసే ఉంచుతాను). ఇంత ఎండలో ఉండే మనిషికి డి ఎలా తగ్గింది?

చిన్న విషయం, దీనికి సంబంధం ఉందో లేదో. పొద్దున్నే వేళ్లు పట్టేస్తాయి. ముప్పావుగంట దాకా కత్తెర ఆడదు. ఇరవై ఏళ్ల కుట్టుపని కదా, అరుగుదలే అనుకుంటున్నా.

కుడిచెయ్యి (హనుమకొండ)

అక్కా, కిటికీ సంగతి నేను చెప్తా. బస్సు డ్రైవర్‌ని, తొమ్మిదేళ్లుగా ఇదే రోగం. అద్దం దించి, కుడిచెయ్యి కిటికీ మీద పెట్టి నడుపుతా. ఆ చెయ్యి మోచేతి కింద శుభ్రంగా ఉంటుంది. ఎడమ చేతి మీద రూపాయి బిళ్లలంత మచ్చలు. చర్మం డాక్టరమ్మకు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే నవ్వింది. ఎండలో యూవీబీ అని ఒక రకం కిరణం ఉంటుందట, చర్మంలో డి తయారుచేసేది అదే, మచ్చల్ని అణిచేదీ అదే. మామూలు అద్దం దాన్ని దాదాపు మొత్తం ఆపేస్తుందట. వెలుతురు, వేడి మాత్రం లోపలికి వస్తాయి. అంటే ఇన్నాళ్లూ నీకు చెమట పట్టింది గానీ డి పట్టలేదు.

అట్లని మండుటెండలో కూర్చోకు. ఒళ్లు కమిలితే కమిలిన చోటే కొత్త మచ్చలు లేస్తాయి. గీరుకున్నా, ఒరుసుకున్నా అంతే. నీ మోచేతులు, నాడా కట్టే చోటు అదే కదా.

నాకు పనిచేసింది లైటు. ఆసుపత్రిలో గది లాంటి పెట్టె, లోపల ఆ యూవీబీ కిరణాలిచ్చే 311 నానోమీటర్ల ట్యూబులు. కళ్లకు నల్లద్దాలు పెట్టి నిలబెడతారు. మొదటిరోజు కొన్ని సెకన్లే, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ పోయారు. వారానికి రెండుసార్లు, మొత్తం 24 సార్లు. డ్యూటీ మార్చుకోవడానికి పడ్డ తిప్పలు వేరే కథ. వీపు, కాళ్లు బాగా తగ్గాయి. మళ్లీ రాదని ఎవరూ చెప్పలేదు, ఏడాదిన్నరకు కొద్దిగా వచ్చింది కూడా.

ఒక్కటి మాత్రం చెయ్యకు. అంతకుముందు మా ఊళ్లో ఒకాయన సూది వేశాడు. ఐదు రోజుల్లో ఒళ్లు నున్నగా అయింది, మరదలి పెళ్లికి పొట్టిచేతుల చొక్కా వేసుకుని ఊరంతా తిరిగిన. నెల తిరగకముందే వీపంతా ఎర్రగా మండి, జ్వరం వచ్చి మంచం పట్టిన. తర్వాత తెలిసింది, అది స్టెరాయిడ్ అని.

కౌంటర్ వెనక (విశాఖ)

నేను ఫార్మసిస్టునండి. ముందు ఆ సాచెట్లు ఆపేయండి. 78 అంటే హడలిపోవాల్సిన అంకె కాదు, చాలా ల్యాబులు 30 నుంచి 100 వరకు నార్మల్ అనే వేస్తాయి. కానీ వారానికి 60,000 అంటే రోజుకి ఎనిమిదిన్నర వేల యూనిట్లు. పెద్దవాళ్లకి మామూలుగా రోజుకి 600 నుంచి 800 చాలు. ఇది కొవ్వులో నిలవుండే విటమిన్, ఎక్కువైంది మూత్రంలో పోదు. మరీ పెరిగితే రక్తంలో కాల్షియం ఎక్కువై దాహం, వికారం, మలబద్ధకం, ఆపైన కిడ్నీలో రాళ్లు. కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసేది) పరీక్షలు ఒకసారి చేయించండి. చీటీ లేకుండా అన్ని నెలలు అమ్మింది మా వృత్తివాళ్లే, చదువుతుంటే సిగ్గేసింది.

పొలుసులు ఎందుకు తగ్గలేదంటారా? మీ రిపోర్టులో ఉన్నది నిలవ సరుకు. తిన్నదైనా ఎండలో తయారైందైనా లివర్ దాన్ని ఆ రూపంలోకి మారుస్తుంది. పనిచేసే రూపంలోకి మార్చేది ప్రధానంగా కిడ్నీ, అదీ శరీరానికి కావలసినంతే. గోడౌన్లో బస్తాలు రెట్టింపు చేసినంత మాత్రాన బజారుకి రెట్టింపు సరుకు రాదు. నార్వేలో 122 మంది సోరియాసిస్ రోగుల మీద చలికాలంలో నాలుగు నెలలు పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. అందరికీ డి తక్కువే. సగంమందికి డి ఇచ్చారు, సగంమందికి ఉత్తుత్తి మాత్రలు. మందు వేసుకున్నవాళ్లకి రక్తంలో డి పెరిగింది, మచ్చల్లో మాత్రం రెండు జట్లకీ తేడా కనిపించలేదు. మీ ఇంట్లో జరిగిందీ అదే. 11 ఉన్నప్పుడు డి వేసుకోవడం తప్పు కాదు, ఎముకలకీ కండరాలకీ అది కావాలి. దాన్ని చర్మం ఖాతాలో వేసుకోవడమే పొరపాటు.

చర్మానికి పనికొచ్చే డి వేరే ఉంది, పైన రాసేది. 1985లో జపాన్‌లో ఎముకల బలహీనతకి డి రకం మందు వాడుతున్న ఒక రోగికి సోరియాసిస్ తగ్గిపోవడం డాక్టర్లు గమనించారు. ఆ దారిలో వచ్చిందే కాల్సిపోట్రియాల్ ఆయింట్‌మెంటు. మామూలు చర్మం పైపొర నాలుగు వారాలకి మారితే సోరియాసిస్‌లో నాలుగైదు రోజులకే మారుతుంది, ఆ తొందరని ఇది తగ్గిస్తుంది. బీటామెథసోన్ అనే స్టెరాయిడ్‌తో కలిపి కూడా వస్తుంది. డాక్టరు రాస్తేనే వాడండి, వారానికి 100 గ్రాములు దాటకూడదు. పొలుసులు ఊడటానికిచ్చే సాలిసిలిక్ యాసిడ్ మందుని దీంతో కలిపి రాయకండి, ఇది పనిచేయకుండా పోతుంది. లైటు పెట్టించుకునే రోజున లైటు అయ్యాకే రాయాలి.

పెద్దక్క (శ్రీకాకుళం)

అమ్మా, ఇవన్నీ చేస్తూనే అరసవల్లి సూర్యనారాయణస్వామికి ఒక మొక్కు మొక్కుకో. చర్మం జబ్బులకి ఆయన్ని మించిన వైద్యుడు లేడు. వంకాయ, గోంగూర, చేపలు పూర్తిగా మానెయ్యి.

గోళ్లు (గుంటూరు)

పెద్దక్కగారూ, మొక్కు సరే. వంకాయ, గోంగూర నేను రెండేళ్లు మానేశాను, గుంటూరులో పుట్టి గోంగూర మానడం కంటే ఈ రోగమే నయమనిపించింది. ఒక్క మచ్చ కూడా తగ్గలేదు.

రాజమండ్రి అక్కా, మీరు చివర్లో "చిన్న విషయం" అని రాసిన దాని దగ్గర నేను ఆగిపోయాను. ముప్పావుగంట వేళ్లు పట్టెయ్యడం అరుగుదల లక్షణం కాదు. అరుగుదలైతే కాసేపటికే సర్దుకుని, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ఇది వాపు లక్షణం. సోరియాసిస్ కీళ్లకి కూడా పాకుతుంది. నేను టీచర్ని, బోర్డు మీద రాసీ రాసీ నొప్పి అనుకున్నాను. కీళ్లవాతానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగటివ్ వచ్చిందని ఒకచోట ఏమీ లేదని పంపేశారు. ఇందులో అది మామూలుగా నెగటివే వస్తుందని తరవాత తెలిసింది. ఈలోగా కుడి చూపుడువేలి కీలు వంకరపోయింది, ఇక సరికాదన్నారు. మీ గోళ్లు ఒకసారి వెలుతురులో చూసుకోండి. గోటి మీద సన్నటి గుంటలున్నాయా? ఒక వేలు మొత్తం వాచి ఉంటుందా? మడమ నొప్పి ఉందా? ఏదున్నా చర్మం డాక్టరుతోపాటు కీళ్లవాతం డాక్టర్ని కూడా కలవండి. డి సంగతి తరవాత.

కుట్టుమిషన్ (రాజమండ్రి)

ఐదు వారాలైంది, చెబుతానని చెప్పలేదు, క్షమించండి. సాచెట్లు ఆ రోజే ఆపేశాను. కాల్షియం 9.8, బాగానే ఉందన్నారు.

గోళ్ల మీద గుంటలున్నాయమ్మా టీచర్‌గారూ. మూడు వేళ్లకి. ఇన్నాళ్లూ అవి సూది గుచ్చుకున్న గుర్తులనుకున్నాను! కీళ్ల డాక్టరుగారు చేతులు పట్టుకుని ఒక్కో కీలూ నొక్కి చూసి, సోరియాసిస్ కీళ్లవాతమేనని చెప్పారు. మెథోట్రెక్సేట్ రాశారు, వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని రెండుసార్లు చెప్పించుకున్నారు నాతో. అందుకే క్యాలెండర్‌లో ఆదివారాలకి ఎర్రదారంతో ముడులేశాను. మోచేతులకి ఆయింట్‌మెంటు వేరే, రాత్రిపూట. మచ్చలు పలచబడుతున్నాయి. వేళ్లు ఇంకా పట్టేస్తున్నాయి, కాకపోతే ఇప్పుడు అరగంటే. మందు పూర్తిగా పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుందన్నారు.

బల్ల అంచుకి పాత దుప్పటి మడతపెట్టి కుట్టేశాను, మోచేతులు ఒరుసుకోకుండా. తమ్ముడూ, కిటికీ కూడా తెరిచాను. ఇప్పుడు దుమ్ముతోనే గొడవ, తెల్లగుడ్డలు మాత్రం లోపలిగదిలో కుడుతున్నా.