మేత అంగడిలో ఖాతా ఆపేయాలా? నాన్న ససేమిరా అంటున్నాడు

ప్రశ్న (విడవలూరు దగ్గర నుంచి):
మాది రొయ్యల మేత, మందుల అంగడి. 22 ఏళ్లుగా నాన్న నడుపుతున్నాడు. బీకాం అయ్యాక నేనూ కూర్చుంటున్నా. రొక్కం బేరం తక్కువ, మేత అప్పుగా తీసుకెళ్లి పట్టుబడి (రొయ్య పట్టి అమ్మడం) అయ్యాక కడతారు. కంపెనీకి మాత్రం మేం ముందే కట్టాలి. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయ్యాక రొయ్య కొనేవాళ్లు రేటు దించేశారు. మాకు 31 లక్షలు రావాలి. ఖాతా మూసేసి రొక్కానికే అమ్ముదామంటాను. "నీళ్లలో రొయ్య ఉండగా మేత ఆపేవాడు వ్యాపారేందిరా" అంటాడు నాన్న. పది రోజులుగా మాకు మాటల్లేవు, మధ్యలో అమ్మ నలిగిపోతోంది. ఏం చేయమంటారు?

జవాబు (ఇందుకూరుపేట):
అబ్బయ్యా, మీ నాన్న మాట సగం నిజం. 1994-95లో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు మా అంగట్లో అందరికీ ఒకేసారి అప్పు ఆపేశాం. రొయ్యల గుంటలు బాగున్నవాళ్లు కూడా మేత కోసం పక్క అంగడికి పోయారు. పట్టుబడి డబ్బులూ అక్కడికే పోయాయి. మాకు దారిలో నమస్కారాలు మాత్రం మిగిలాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంబడి గుంటలు తీసేయమన్నాక, పాత బాకీ అడగడానికి మొహం చెల్లలేదు.
31 లక్షలని గుండె బాదుకోకుండా పుస్తకం ముందేసుకో. గుంటలో రొయ్య ఉన్నవాడికి మేత ఇవ్వు, కానీ వారానికి సరిపడా మాత్రమే. అది కూడా గట్టు మీదకు పోయి చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెం) చూశాకే. పట్టుబడి రోజు కాటా దగ్గర నువ్వుండాలి. గుంట ఎండగట్టినవాడికి కొత్త పంట మేత రొక్కానికే.

జవాబు (చీమకుర్తి):
మాది గ్రానైట్ పాలిషింగ్. 2020 లాక్‌డౌన్‌లో ఎగుమతి ఆగితే అన్నదమ్ములం ఇళ్ల మెట్లకు, వంటింటి గట్లకు పలకలు కోసిచ్చాం. మిగిలిందేం లేదు, కరెంటు బిల్లూ కూలీలూ గట్టెక్కాయి. చేపల మేత పెట్టి చూడరాదా?

ప్రశ్న వేసినవారు:
అన్నా, చేపల మేతకు కంపెనీకి మళ్లీ కొత్త డిపాజిట్ కట్టాలి, ఇప్పుడు కుదరదు. ఇందుకూరుపేట పెద్దాయన చెప్పినట్టు రాత్రి పుస్తకం తీశాం. 43 ఖాతాల్లో 17 మందికే నీళ్లలో రొయ్య ఉంది. నాన్నే ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టాడు. ఎండగట్టిన వాళ్లలో మా మేనమామ ఉన్నాడు, 2 లక్షల 80 వేలు. ఆ పేరు దగ్గర పెన్ను ఆగింది. అమ్మ లేచి లోపలికి పోయింది. రేపు ఆయన దగ్గరికి నేనే పోతున్నా.