అర్హతకు 2 నెలలు తక్కువైతే దరఖాస్తు పక్కన పెట్టాల్సిందేనా?

నమస్కారమండీ. మా టీమ్‌లోకి అకౌంటెంట్ కోసం వచ్చిన దరఖాస్తులు వడకట్టే పని మొదటిసారి నాకు అప్పగించారు. ప్రకటనలో కనీసం 3 ఏళ్ల అనుభవం తప్పనిసరి అని రాశాం. ఒకావిడకి 2 ఏళ్ల 10 నెలలే ఉంది. కానీ నెలాఖరు లెక్కలు ఎలా ముగిస్తారో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో తేడాలు ఎలా పట్టుకుంటారో ఆవిడ రాసిన తీరు చూస్తే పని తెలిసిన మనిషని ఇట్టే అర్థమవుతుంది. 6 ఏళ్లు చేసినవాళ్ల రెజ్యూమెల్లోనూ ఆ స్పష్టత లేదు.

ఆవిడని పిలవాలనే ఉంది. అయితే ఆ షరతు చదివి అసలు దరఖాస్తే పెట్టనివాళ్ల సంగతేంటి? అనుభవం చాలదని ఇప్పటికే 11 మందిని తీసేశాను, వాళ్లకేం చెప్పాలి? రెండు రోజులుగా జాబితా ఖరారు చేయలేకపోతున్నాను.

ఈ 3 ఏళ్ల అంకె ఎక్కడిదని అడిగితే, పాత ప్రకటనలోంచి తెచ్చారట. 1971లో అమెరికా సుప్రీంకోర్టు గ్రిగ్స్ కేసులో, నల్లజాతివారిని ఎక్కువగా బయటే ఉంచుతున్న హైస్కూలు డిప్లొమా షరతుకు చేసే పనితో సంబంధం చూపించలేకపోతే అది చెల్లదంది. మాది అంత పెద్ద విషయం కాదు గానీ, ప్రశ్న అదే కదా?

నియామకాలు చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. షరతు సవరించి, గడువు పెంచి ప్రకటన మళ్లీ ఇవ్వడం మేలా? లేక ఈసారికి రాసినదానికే కట్టుబడాలా? అలాగైతే ఆవిడకి కారణం ఏమని రాయాలి?