తలకోన పైన దోవ మూసుకుపోయింది, వెనక్కి తిరిగాం. మీరైతే ఏం చేసేవాళ్లు?

కొర్లగుంట_కుర్రోడు
డిసెంబరులో నలుగురం తలకోన పోయాం. టికెట్టు తీసుకుని, నేరబైలు ఆయన ఒకరిని గైడుగా మాట్లాడుకుని, జలపాతం పైనున్న గుండం దాకా ఎక్కాలని ప్లాన్. బామ్మర్ది లేటుగా రావడంతో నడక మొదలయ్యేసరికే పదిన్నర దాటింది. వాయుగుండం వానలు అప్పుడప్పుడే తగ్గాయి. సగం దాకా బాగానే పోయాం. ఆ తర్వాత బోద గడ్డి నడుమెత్తు లేచి ఉంది. ఒకచోట వెదురు పొద మొత్తం దోవకు అడ్డంగా పడిపోయింది. దాన్ని చుట్టి అవతలికి పోతే మూడు వైపులా దోవల్లాగే కనపడతా ఉన్నాయి. గైడు ఒక్కోదాంట్లో కాస్త దూరం పోయి చూసొచ్చి, "ఇవి పందులు తిరిగే దోవలు సామీ, మనుషులు నడిచేది కాదు" అన్నాడు. అప్పటికి టైము ఒకటిన్నర.

బామ్మర్దేమో "నీళ్ల చప్పుడు వినపడతా ఉంది కదా బావా, అటే పోదాం" అంటాడు. గైడు ఒప్పుకోలేదు. వెదురు పొద దాకా వెనక్కొచ్చి, తెచ్చుకున్న పులిహోర అక్కడే తిని, గుండం మాట మానుకుని కింది జలపాతానికి దిగిపోయాం. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర టీ తాగి వెలుతురుండగానే బయలుదేరాం. మా వాడు మాత్రం ఇప్పటికీ ఏ పెళ్లిలో కనపడినా "ఇంకో అరగంట నడిచుంటే వచ్చేసేది" అని అందరి ముందూ దెప్పుతున్నాడు. ఇట్లా మధ్యలో ప్లాన్ మార్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పుత్తూరు_కట్టు
మీ బామ్మర్ది మాట విని ఉంటే మా ఊరికి గిరాకీ వచ్చేది. ఎముకలు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లు ఇప్పటికే ఎక్కువ, మళ్లీ మీరెందుకు?

రేణిగుంట_రైలుబండి
అంత ఎగతాళి అక్కర్లేదు. దారి తప్పితే నీళ్ల వెంట పోతే ఎక్కడో ఒకచోట ఊరొస్తుందని మా తాత చెప్పేవాడు. ఆ అబ్బాయి అన్నదాంట్లో తప్పేముంది?

బండరాళ్ల_బ్యాచ్
ఎస్వీయూలో జియాలజీ చదివాను కాబట్టి ఈ ఒక్కదానికి గట్టిగా చెప్తా. తాతగారి మాట మైదానంలో నిజం. తలకోన ఉండే శేషాచలం కొండల్లో పనికిరాదు. ఈ కొండల పైభాగం క్వార్ట్‌జైట్ అనే మహా గట్టి రాయి. తిరుమల ఘాట్ రోడ్డులో 'ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ' అని జియలాజికల్ సర్వే వాళ్ల బోర్డు చూసే ఉంటారు. కింద పాత గ్రానైట్ జాతి రాయి, దాని మీద ఈ క్వార్ట్‌జైట్. ఇది మెల్లగా అరిగి వాలుగా మారే రకం కాదు, నిలువునా చీలి గోడలాగా నిలబడుతుంది. అందుకే పైన చదునుగా పారే వంక, అంచుకొచ్చేసరికి ఒక్కసారిగా దూకేస్తుంది. తలకోనలో 270 అడుగులు అట్లా దూకిందే. అంటే ఆ కొండ మీద నీళ్ల చప్పుడు వెంట పోవడమంటే అంచును వెతుక్కుంటూ పోవడమే.

ఇంకొకటి. వంకలో దిగేటప్పుడు ఆరడుగుల బండ వస్తుంది, కూర్చుని జారి దిగిపోతాం. తిరిగి ఎక్కాలంటే పట్టు దొరకదు, వానల తర్వాతైతే పాచి. దాని కింద ముప్పై అడుగుల నిలువు గోడ వచ్చిందంటే కిందికీ దిగలేం, పైకీ ఎక్కలేం. మనుషులు ఇరుక్కుపోయేది ఎక్కువ అట్లాంటి చోట్లే.

రేణిగుంట_రైలుబండి
మా తాతది సూళ్లూరుపేట పక్క. అక్కడ కాలువ వెంట పోతే చెరువో ఊరో రాక తప్పదు. ఈ గోడల సంగతి నాకు తట్టలేదు. సరే, వాదన వెనక్కి తీసుకుంటున్నా.

నగరి_అక్క
నాగలాపురం కోనలో మాకు వేరే రకంగా జరిగింది. అక్కడ దోవ వంకను అటూ ఇటూ దాటుతూ పోతుంది. సంక్రాంతి సెలవుల్లో పోయాం, ముందు పోయేవాళ్లు ఒక గట్టున, వెనకపడ్డవాళ్లు ఇంకో గట్టున అయిపోయారు. నీళ్ల హోరుకు అరుపులు వినపడవు. నా దగ్గర పిల్లల స్పోర్ట్స్ డే విజిల్ ఒకటి ఉండబట్టి సరిపోయింది. అందరం చివరిసారి దాటిన చోటికి వచ్చి కలిశాం. మూడో గుండం చూడలేదు, రెండో గుండం దగ్గరే నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని వచ్చేశాం. మా ఆయనకు అదే నచ్చింది, అది వేరే సంగతి.

అప్పట్నుంచి బయలుదేరే ముందే ఒక టైము అనుకుంటాం. రెండు గంటలకు ఎక్కడున్నా సరే, వెనక్కే. ఈ సీజన్లో ఊర్లో పొద్దు గూకేది ఐదూ నలభైఐదు, ఆరు మధ్యలో అయినా, కోనలో నాలుగున్నరకే మసకేస్తుంది. కొండ మీద నిలబడి వాదించుకుంటే ఓపిక ఉన్నవాడిదే పైచేయి అవుతుంది. ఇంట్లో కాఫీ తాగుతూ తేల్చుకోవాల్సిన విషయం అది.

చిత్తూరోడు_బెంగళూర్లో
మీకు గడ్డి, మాకు మంచు. ఆఫీసు వాళ్లతో జనవరిలో ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ పోయాను. సాంక్రి నుంచి మొదలు, శిఖరం 12,500 అడుగులు. శిఖరం ఎక్కాల్సిన రోజు అర్ధరాత్రి దాటాక లేచి బయలుదేరితే అప్పటికే మంచు కురుస్తా ఉంది. ముందు నడిచినవాడి అడుగు మనం చేరేలోపు పూడిపోతుంది. గైడు కర్రతో పొడుచుకుంటూ కాస్త దూరం తీసుకెళ్లాడు. ఒకచోట కర్ర మొత్తం దిగిపోయింది. అంతే, ఇంక మాటల్లేవు, తిరిగి టెంట్లకే. తెల్లారాక జూడా కా తలాబ్ అనే చెరువు దగ్గరికి దిగి ఆ రోజంతా అక్కడే ఉన్నాం. ఫోన్‌లో నలభై శాతం చార్జింగ్ ఉన్నా చలికి టక్కున ఆఫ్ అయిపోయింది, చొక్కా లోపల పెట్టుకున్నాక మళ్లీ లేచింది. కట్టిన డబ్బులు దండగ అని ఇద్దరు గొణిగారు. గైడు పట్టించుకోలేదు.

మదనపల్లె_మాస్టారు
వెనక్కి తిరగడం ఒక్కటే దారి కాదు, ఆగడం కూడా ఉంది. హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగుల పైమాటే, చలికాలం తెల్లవారుజామున పొగమంచు దిగితే పక్క మనిషి కనపడడు. పిల్లలతో వ్యూ పాయింట్ పక్క కాలిబాటన పోతుండగా అట్లాగే కమ్మేసింది. ఒక బండ చూసుకుని అందరినీ కూర్చోబెట్టి లెక్కపెట్టాను, పాటలు పాడించాను. ఎండ పడ్డాక మంచు లేచిపోయింది. దోవ మాకు ఇరవై అడుగుల దూరంలోనే ఉంది.

అలిపిరి_మెట్లు
ఇన్ని కథలెందుకు? ఫోన్‌లో మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే పోలా? సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది.

బండరాళ్ల_బ్యాచ్
పనిచేస్తుంది, కాదనను. కానీ నిలువు గోడల మధ్య చుక్క అటూ ఇటూ గెంతుతుంది. గట్టు మీదున్నవాడిని వంక అవతల చూపిస్తుంది. మ్యాప్ కంటే మనం వచ్చిన దోవను రికార్డు చేసుకుంటూ పోవడం మేలు, తిరుగుదారికి అదే ఆధారం. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు.

వాచరు_గారమ్మాయి
మా నాన్న ఫారెస్టులో వాచరుగా చేశాడు. ఆయన చెప్పే గుర్తు: దోవ ముందర నిలబడి కింద నేలను కాదు, పైన కొమ్మల్ని చూడమంటాడు. మనిషి తిరిగే దోవలో తలెత్తు దాకా ఖాళీ ఉంటుంది, కొమ్మలు విరిగో నరికో ఉంటాయి. పందులు, దుప్పులు పోయే దోవ నేల మీద నున్నగానే ఉంటుంది కానీ నడుమెత్తులో తుప్పలు కలిసిపోయి ఉంటాయి. వంగి దూరాల్సి వచ్చిందంటే అది మనది కాదు. పోయేటప్పుడు అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి చూసుకోమనీ చెప్తాడు. వచ్చేటప్పుడు కనపడేది ఆ వైపే కదా.

తలకోన అడవి నేషనల్ పార్కు. పర్మిషన్ లేకుండా లోపలికి పోవడమే నేరం. పైగా ఎర్రచందనం అడవి, చీకటి పడ్డాక టార్చిలైట్లతో తిరిగేవాళ్లని చూస్తే ఎవరికైనా ముందు స్మగ్లర్లనే అనుమానమొస్తుంది. చిరుత, ఎలుగుబంటి సరేసరి. ఇంట్లో ఎవరికైనా ఎటు పోతున్నారో చెప్పి, ఫలానా టైముకు ఫోన్ రాకపోతే 112కు చేయమని చెప్పి పోండి. ఇవన్నీ మాకొద్దు, నడక చాలు అనుకుంటే పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం ముక్కోటి ఉంది. పాపవినాశనం నుంచి వేల మంది పోతారు, ఆ రోజు జనమే దోవ.

కొర్లగుంట_బామ్మర్ది
ఎవరో లింకు పంపితే వచ్చా. ఆ బామ్మర్దిని నేనే. అంచు సంగతి చదివాను, ఒప్పుకుంటా. కానీ గుండం చూడకుండా వదిలేది లేదు బావా. మార్చిలో గడ్డి ఎండిపోతుంది, దోవ తేటగా కనపడుతుంది. పొద్దున ఆరింటికే మీ ఇంటి ముందుంటా.

వాచరు_గారమ్మాయి
మార్చి అంటే అడవికి మంటల సీజన్. ఎండిన గడ్డి అనే మీరు సంబరపడుతున్నారు, ఫారెస్టు వాళ్లకు భయం దాంతోనే. పైకి వదులుతారో లేదో కారు తీసే ముందే కనుక్కోండి. ఆ నేరబైలు గైడు నంబరు ఉంటే ముందు ఆయన్నే అడగండి.