మెదడు ద్రవమైతే మరణ సమయం తెలుస్తుందా?

న్యాయవాది, అమలాపురం:
మే నెలలో కాలువలు కట్టేశాక, లాకు దిగువన గుర్రపుడెక్కలో చిక్కుకున్న మృతదేహం కేసొకటి చూస్తున్నాను. మెదడు ద్రవంగా మారింది కనుక మరణించి ఐదు రోజులై ఉంటుందని శవపరీక్ష నివేదికలో రాశారు. మా కక్షిదారు ఆ రోజు ఊళ్ళోనే లేడు. ఇంత కచ్చితంగా లెక్క కట్టవచ్చునా?

విశ్రాంత ఫోరెన్సిక్ వైద్యురాలు, కాకినాడ:
కట్టకూడదు. మెదడులో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. ప్రాణవాయువు అందని కణాలను వాటి ఎంజైములే కరిగిస్తాయి, ఆపై బాక్టీరియా తోడవుతుంది. బాగా కుళ్ళిన దేహంలో పుర్రె పైకప్పు తీయగానే, సుమారు 1,300 గ్రాముల ఆ అవయవం బూడిదరంగు జావగా పళ్ళెంలోకి జారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అయితే ఈ మార్పు ఎంత త్వరగా జరుగుతుందన్నది వేడిని బట్టి ఉంటుంది. దేహం కుళ్ళడానికి గాలిలో ఒక వారం పడితే నీటిలో రెండు, మట్టిలో ఎనిమిది వారాలు పడుతుందన్న కాస్పర్ సూత్రం 19వ శతాబ్దపు బెర్లిన్ నుంచి వచ్చింది. దాన్ని కోనసీమ ఎండకు యథాతథంగా అన్వయించడం నాకెప్పుడూ సమంజసంగా తోచలేదు.

విశ్రాంత ఇన్‌స్పెక్టరు, భీమవరం:
వైద్యురాలితో పూర్తిగా ఏకీభవించలేను. ముప్పయ్యేళ్ళు ఈ కాలువ గట్ల మీద పంచనామాలు చేసినవాడికి మే నెల శవానికీ సంక్రాంతి నాటి శవానికీ తేడా తెలుస్తుంది. అనుభవాన్ని కొట్టిపారేస్తే కోర్టుకు ఇక మిగిలేదేమిటి?

విశ్రాంత ఫోరెన్సిక్ వైద్యురాలు, కాకినాడ:
అనుభవం ఒక వ్యవధిని చెప్పగలదు కానీ ఒక రోజును చెప్పలేదు. ఇంగ్లండులోని హెస్లింగ్టన్‌లో 2008లో బయటపడిన పుర్రెలో సుమారు 2,600 ఏళ్ళ నాటి మెదడు ముడుచుకుని మిగిలే ఉంది. చర్మం, కండరాలు పోయినా అది పోలేదు. అదే అవయవం మన వేసవిలో రోజుల్లో కరుగుతుంది.

అలాగని ద్రవమైన మెదడున్న తలను తెరవనక్కరలేదని కొందరు తోటి వైద్యులనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. కణజాలం కరిగినా పుర్రె పగులు కరగదు. మెదడును కప్పి ఉండే దళసరి డ్యూరా పొరకు అంటుకున్న గడ్డకట్టిన రక్తం గుర్తుపట్టేలా మిగిలి ఉండవచ్చు. మునిగి పోయాడా, కొట్టి పడేశారా అన్నది ఒక్కోసారి అక్కడే బయటపడుతుంది.

విశ్రాంత ఇన్‌స్పెక్టరు, భీమవరం:
తల తెరవాలన్న దానిలో మనకు పేచీ లేదు. వ్యవధి సంగతికొస్తే, దేహం దొరికిన చోట నీటి వేడి ఎంతో పంచనామాలో రాసి ఉంటే వైద్యురాలి మాటకూ నా మాటకూ ఇంత దూరం ఉండేది కాదేమో.

న్యాయవాది, అమలాపురం:
ఇప్పుడే తీసి చూశాను. బట్టల రంగు, చేతి గడియారం, గుర్రపుడెక్క వేళ్ళతో సహా అన్నీ రాశారు. నీటి వేడి గురించి ఒక్క ముక్క లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న అదే వేస్తాను.