బీకేసీ (క్రిములను చంపే బెంజాల్కోనియం క్లోరైడ్) పోయంగనే ఫ్లోర్ క్లీనర్ విరిగిపోతుంది, ఎట్ల జేయాలె?

అన్నలు, అక్కలు, మాది మిర్యాలగూడ దగ్గర, చిన్నగ ఫ్లోర్ క్లీనర్ తయారు చేసి షాపులకు ఇస్తున్నం. 50 లీటర్ల డ్రమ్ముకు యాసిడ్ స్లర్రీ (మురికి తీసే ముడి సరుకు) 3 కిలోలు (కాస్టిక్‌తోని పీహెచ్ 7కు తెచ్చినంక), ఎస్‌ఎల్‌ఈఎస్ (షాంపూలల్ల వాడే నురుగు సరుకు) 2 కిలోలు, సీఏపీబీ (నురుగును నిలబెట్టే మెత్తటి సరుకు) 1 కిలో, ఉప్పు 700 గ్రాములు. ఇక్కడిదాక అద్దంలెక్క క్లియర్, మంచి చిక్కగ ఉంటది. జెర్మ్ కిల్ కోసమని 50 శాతం బీకేసీ లీటరున్నర పోస్తే మాత్రం కర్ర తిప్పుతుండంగనే తెల్లగ మబ్బు పడ్తుంది, చిక్కదనం పోయి నీళ్లయితుంది, తెల్లారెవరకు అడుగున జిగట ముద్ద, నురుగు కూడ సగం లేదు.

బోరు నీళ్ల ఉప్పదనం అనుకొని ఆర్‌ఓ నీళ్లు వాడిన, ఈడీటీఏ (నీళ్లల్ల కాల్షియం, మెగ్నీషియంను పట్టేసేది) వేసిన, బీకేసీని ముందు నీళ్లల్ల కలిపి సన్నగ ధారగ పోసిన, అదే తంతు. 60 డిగ్రీలు వేడి చేస్తే క్లియర్ అయితది గానీ చల్లారంగనే మళ్ల విరుగుతుంది. స్లర్రీ, ఎస్‌ఎల్‌ఈఎస్ మైనస్ చార్జివి, బీకేసీ ప్లస్‌ది, రెండు అతుక్కొని కరగని ఉప్పు అయితున్నయని అర్థమైంది, గట్ల అతుక్కున్న బీకేసీ క్రిములను గూడ సక్కగ చంపదు, అందుకే నాకు పైకి క్లియర్‌గ కనిపిస్తే సాలదు.

స్లర్రీ, ఎస్‌ఎల్‌ఈఎస్ తీసేసి చార్జి లేని నాన్ అయానిక్ (9 మోల్ లారిల్ ఆల్కహాల్ ఎథాక్సిలేట్), సీఏపీబీతోని చిన్న శాంపిల్ చేసిన, బీకేసీ పోసినా విరగలే, కానీ ఎంత ఉప్పేసినా చిక్కబడ్తలేదు.

బీకేసీతోని పడి, ఈ నాన్ అయానిక్ బేస్‌ను చిక్కగ చేసేది ఏం వాడాలె, ఎంత శాతం?